టీవీలో చూపించే రిగ్గు పనికీ అసలు పనికీ ఏమన్నా పోలిక ఉందంటారా?

రాజోలు_టాప్‌మన్

మావాడు మొన్న ఫోన్‌లో అమెరికా రిగ్గు షో పెట్టాడండి, బ్లాక్ గోల్డ్ అని 2008లో వచ్చింది, పశ్చిమ టెక్సాస్‌లో చమురు బావులు తవ్వే కుర్రాళ్ళ మీద తీసింది. పాతదే గానీ నేను ఇప్పుడే చూసా. బురద నిజం, గ్రీజు నిజం, ఆ పైపుల మోత కూడా నిజమే, అందులో పేరు పెట్టేది లేదు. కానీ పనంతా అరుపుల మీద, పందేల మీద నడుస్తున్నట్టు తీసాడేంటండి? ఎవడు ముందు తవ్వితే వాడు మొగాడు అన్నట్టు. మా ఫ్లోర్ మీద, అంటే బావిలోకి పైపులు దింపే అరుగు మీద, మెషీన్ నడిపే డ్రిల్లరు అలా ఊగిపోతే అతని పైనుండే టూల్ పుషర్ పని ఆపించి ముందు టీ తాగిరా అంటాడు. మా ఆవిడ అయితే రెండు ఎపిసోడ్లు చూసి మీరు ఇన్నాళ్ళూ ఇదా చేసింది అని అడిగింది, ఏం చెప్పాలో తోచలేదు.

ఇక్కడ రిగ్గుల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో, ఐసు ఫ్యాక్టరీల్లో, బోట్ల మీద చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, మీరు చూసిన ప్రోగ్రాములకీ మీ పనికీ ఎంత దూరం ఉందో రాయండి.

పుల్లేటికుర్రు_బుల్లోడు

బాబాయ్ మరీ అంత తీసిపారెయ్యకండి. నేను డిప్లొమా మెకానికల్ ఫైనలియర్, డిస్కవరీలో ఆ పీతల బోట్ల ప్రోగ్రామ్ డెడ్‌లియెస్ట్ క్యాచ్ చిన్నప్పటి నుంచీ చూస్తన్నా. ఆ షోల వల్లే కదా ఇలాంటి పనులు చేసేవాళ్ళు ఉన్నారని జనానికి తెలిసింది? లేకపోతే మనోళ్ళకి ఉద్యోగం అంటే సాఫ్ట్‌వేరో బ్యాంకో. ఇంకోటి, సముద్రాన్ని ఎవడూ సెట్టింగ్ వెయ్యలేడు, అల అలే.

అంతర్వేది_బోటు

తమ్ముడూ అల నిజమే కాదన్లేదు. ఆ పీతల బోనులు ఒక్కోటి సుమారు మూడొందల కిలోలు ఉంటాయి, ఐసు గడ్డకట్టిన డెక్కు మీద వాటిని తొయ్యడం అంటే మాటలు కాదు, ఆళ్ళకి దండం. కానీ ఆ పనిలో చావులు ఎందుకు ఎక్కువ ఉండేవి అన్నది ఆ షో సరిగ్గా చెప్పదు. అలాస్కాలో 2005 దాకా పీతల వేటకి కొద్ది రోజులే సీజను ఇచ్చేవారు, ఆ రోజుల్లో ఎవడు ఎంత పడితే అంత ఆడిదే. అందుకని తుఫానులో కూడా వెళ్ళేవోళ్ళు, బోటు మొయ్యలేనన్ని బోనులు ఎక్కించేవోళ్ళు. తర్వాత ఒక్కో బోటుకి ఇంత అని కోటా కట్టారు, దాంతో వాతావరణం బాగోకపోతే రేవులో ఆగినా నష్టం లేకుండా పోయింది. అంతకుముందే 1999 నుంచి కోస్ట్ గార్డు వాళ్ళు రేవులోనే ఎక్కి బోటు మీద ఎంత బరువుందో చూసేవారు. ఈ రెండిటితో చావులు బాగా తగ్గాయి. షో మొదలైంది 2005లోనే, అంటే పందెం అయిపోతున్న ఏడు మొదలెట్టి ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పందెంలాగే చూపించుకుంటా వచ్చారు.

మనకి మాత్రం పందెం ఇంకా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్, 61 రోజులు డబ్బు లేక అప్పు చేసి కూర్చుంటాం, అది అయిందంటే చాలు అర్ధరాత్రే ఇంజన్లు స్టార్టు. అప్పుడే నైరుతి గాలి మొదలయ్యే టైము. మొగ దగ్గర, అంటే గోదారి సముద్రంలో కలిసే చోట, ఇసక మేటేసి ఉంటది, అల విరిగే చోటు. అక్కడ తిరగబడే బోటుకి కెప్టెన్ ధైర్యమా తప్పా అని అడిగితే ఏం చెప్తాం, అప్పు ఇచ్చినోడిని కూడా అడగాలి. ఆడు కెమెరాలో రాడు.

కెమెరా_కాకినాడ

నేను ఎడిటింగ్ చేసే మనిషిని కాబట్టి కొంచెం లోపలి విషయం చెప్తా. ఇలాంటి షోకి వందల గంటలు తీసి అందులోంచి నలభై రెండు నలభై మూడు నిమిషాలు ఉంచుతారు. మామూలు రోజు అంటూ ఒకటుంటది కదా, అది మొదటి కోతలోనే పోద్ది. ఒకడు పొద్దున అన్న మాట సాయంత్రం జరిగిన దానికి అతికిస్తారు, ఒకే మనిషి రెండు వేరే వాక్యాలు కలిపి మూడో వాక్యం చేస్తారు, మొహం కనపడకుండా వెనక నుంచి తీసిన షాట్ వేస్తే దొరకదు. బ్రేక్‌కి ముందు ఏదో తెగినట్టు ధన్‌మని సౌండు, బ్రేక్ అయ్యాక చూస్తే రెంచి కింద పడిందంతే.

ఐస్ రోడ్ ట్రక్కర్స్ అని 2007లో మొదలైంది, కెనడాలో గడ్డకట్టిన చెరువుల మీంచి వజ్రాల గనులకి సరుకు తోలే లారీలు. ఆ దారిలో లోడు లారీకి గంటకి 25 కిలోమీటర్లే లిమిట్. ఎందుకంటే వేగంగా పోతే లారీ బరువుకి ఐసు కింద నీళ్ళలో అల పుట్టి అది ముందుకెళ్ళి ఐసుని పగలగొడతాది. అంటే అక్కడ గొప్ప డ్రైవరు అంటే మెల్లగా తోలేవాడు. షోలో ఏమో ఎవడెక్కువ ట్రిప్పులు కొడితే వాడు గెలిచినట్టు స్కోరు. అసలు జాగ్రత్తని తీసుకెళ్ళి బోరు అన్నట్టు పక్కన పడేసారు.

మన దగ్గరా తక్కువేం కాదు. ఓ చానల్ వాళ్ళకి ఐసు ఫ్యాక్టరీ మీద చిన్న ప్రోగ్రాం చెయ్యడానికి వెళ్తే యాంకరు ఆ పనివాళ్ళని దిమ్మలు పట్టుకుని పరిగెత్తండి అన్నాడు. తడి నేల మీద! ఆ మేస్త్రి ఒప్పుకోలేదు లెండి, మంచి పని చేసాడు.

చెరువుగట్టు_భీమవరం

ఐసు ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి. నేను రొయ్యల చెరువులు చేస్తా, ముందు రెండు సీజన్లు ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేసా. బయటోళ్ళకి కనపడేది ఉప్పునీళ్ళ తొట్టి, అందులో డబ్బాలు, క్రేనుతో లేపి మామూలు నీళ్ళలో ముంచితే దిమ్మ జారి బయటికి రావడం. అది చూడ్డానికి బానే ఉంటది. ప్రాణం తీసేది మాత్రం గోడ అవతల కంప్రెసర్ రూములో ఉంటది. కంప్రెసర్ ఆయిల్ కొంచెం కొంచెం, చలి పుట్టించే అమోనియాతో పాటు వెళ్ళిపోయి అది నిలవుండే రిసీవర్ ట్యాంకు అడుగున చేరుద్ది, దాన్ని ఎప్పటికప్పుడు డ్రెయిన్ చెయ్యాలి. వాల్వు తిప్పితే ముందు నల్లగా చిక్కగా ఆయిల్ వస్తాది, మధ్యలో ఒక్కసారి నురగలాగా తుపుక్కుమంటాది, అంటే వెనకాల ద్రవం అమోనియా వచ్చేసిందని. ఆ క్షణంలో కట్టెయ్యాలి. కట్టెయ్యాలంటే చెయ్యి వాల్వు మీదే ఉండాలి. బకెట్టు పెట్టి వాల్వు తెరిచి బీడీకి వెళ్ళొచ్చేవాళ్ళని చూసా నేను. చల్లగా ఉన్న ద్రవం ఒక్కసారి బయటపడితే తెల్లటి మేఘంలా నేల మీదే పాకుద్ది, తలుపు ఎటుందో కనపడదు.

మాస్క్ ఉండేదండి, లేదని కాదు. ఓనరు గారి రూములో అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినోళ్ళకి చూపించడానికి.

ఇంక చెరువుల మీద రాత్రుళ్ళు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పుతుంటే వైరు అతుకులు నీళ్ళలో, గట్టు మీద ఉండేది శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబం. కరెంటు కొట్టి పోయినోళ్ళ వార్త జిల్లా ఎడిషన్‌లో మూడు లైన్లు. దీని మీద ఎవడు తీస్తాడు షో.

అంబాజీపేట_అమ్మాయి

ప్రాసెస్ ఇంజనీర్‌ని, ఎరువుల ప్లాంటు కంట్రోల్ రూములో షిఫ్టులు చేస్తాను. నాకు ఈ షోల మీద ఉన్న కోపం అరుపుల గురించి కాదు. ప్రమాదం అంటే ఒంటితో చేసే పనిలోనే ఉంటుంది, బలం, తెగువ ఉన్నవాడు బతుకుతాడు అని నేర్పిస్తాయి, అదే అసలు అబద్ధం. పెద్ద ప్రమాదాలు తీసి చూడండి. పైపర్ ఆల్ఫా, ఉత్తర సముద్రంలో చమురు గ్యాసు తీసే ప్లాట్‌ఫామ్, 1988 జూలై 6, 167 మంది పోయారు. ఎలా మొదలైంది? ఒక పంపు రిపేర్‌కి పెట్టారు, దాని సేఫ్టీ వాల్వు విప్పి తీసుకెళ్ళి ఆ చోట ఒట్టి మూత బిగించారు. పంపుకి ఒక పర్మిట్, అంటే పని అనుమతి కాగితం, వాల్వుకి ఇంకో పర్మిట్. రాత్రి షిఫ్టు వాళ్ళకి వాల్వు సంగతి చేరలేదు. రెండో పంపు ఆగిపోయింది, సరే మొదటిది రెడీగానే ఉంది కదా అని ఆన్ చేసారు. అంతే. అక్కడ ఎవరూ పిరికివాళ్ళు కాదు, ఎవరూ బద్ధకస్తులు కాదు, షిఫ్టు మారేటప్పుడు ఒక కాగితం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అందలేదు.

అమెరికా దగ్గర మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుది ఇంకా ఘోరం. 2010 ఏప్రిల్ 20న పేలింది, 11 మంది పోయారు. సరిగ్గా ఆ రోజే కంపెనీల పెద్దలు రిగ్గు మీదకి వచ్చారు, ఏడేళ్ళుగా పని దినం పోయేంత గాయం ఒక్కటీ లేదని మెచ్చుకోవడానికి. జారిపడటం, వేలు నలగడం లాంటివి అన్నీ బాగా లెక్కపెట్టుకున్నారు. బావిలో ప్రెజర్ టెస్ట్ రీడింగ్ తేడాగా ఉంటే మాత్రం దానికి ఏదో సర్దిచెప్పుకున్నారు. టీవీ షో కూడా సరిగ్గా ఇదే చేస్తుంది, కంటికి కనపడే వేలు మీదే కెమెరా.

పుల్లేటికుర్రు_బుల్లోడు

అక్కా నువ్వు చెప్పింది కరెక్టే కానీ పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టడం గంటసేపు చూపిస్తే ఎవరు చూస్తారు చెప్పు?

అంబాజీపేట_అమ్మాయి

కోర్టు సినిమాల్లో కాగితాలే కదా బాబూ ఉండేది, నోరు తెరుచుకుని చూస్తాం. ఆ కాగితంలో ఏముందో ముందు ప్రేక్షకుడికి తెలిస్తే, అది చదవకుండా ఒకడు బటన్ మీద వేలు పెడుతుంటే నువ్వే సోఫాలోంచి లేచి వద్దురా అంటావు. వాళ్ళకి తియ్యడం చేతకాక కాదు, కంపెనీ లోపలికి రానిస్తేనే షూటింగ్. రానిచ్చిన కంపెనీ తన పర్మిట్ లోపాలు చూపించనిస్తుందా? కార్మికుడి పొరపాటు చూపిస్తే దానికి నష్టం లేదు. అందుకే తప్పు ఎప్పుడూ కొత్త కుర్రాడిదే అవుతుంది ఈ షోల్లో.

రాజోలు_టాప్‌మన్

అమ్మాయి గారూ బాగా చెప్పారండి. మా దాంట్లో కూడా అదే. నేను టాప్‌మన్‌గా రిగ్గు టవరు పైనుండే మంకీ బోర్డు అనే చిన్న బల్ల మీద నుంచునేవాడిని, తొంభై అడుగుల ఎత్తు, బెల్టు మీద ముందుకి వాలి స్టాండు పైపుని, అంటే కొన్ని పైపులు కలిపి బిగించిన దాన్ని, కౌగిలించుకుని అది నిలబెట్టే ఫింగర్ అనే గాడి లోకి లాగాలి. అది చూస్తే ఎవరికైనా భయమేస్తాది, కెమెరా పెడితే బ్రహ్మాండంగా ఉంటది. పాత రిగ్గుల్లో పైపు బిగించడానికి చైను విసిరేవారు, అది ఇంకా బ్రహ్మాండం, వేళ్ళు తెగ్గొట్టే పని. అందుకే మెషీన్లు వచ్చి దాన్ని మానిపించాయి, షో వాళ్ళకి మాత్రం చైను ఉన్న రిగ్గే కావాలి. కింద పైపు జారకుండా బిగించే స్లిప్స్ పట్టుకునే కుర్రాళ్ళకి మొదటి రోజు చెప్పేది అరిచెయ్యి పైకి పెట్టి పట్టుకోరా అని, తిరగేసి పట్టుకుంటే పైపు జారినప్పుడు మణికట్టు దానితోపాటు పోద్ది. టీవీలో ఆళ్ళ చేతులే చూస్తా ఉంటా నేను, మాటలు వినను.

సరే ఇదంతా ఒక మనిషికో ఇద్దరికో తగిలేది. ఊరిని తగలబెట్టేది ఎక్కడ మొదలవుద్దో తెలుసా? ట్రిప్ ట్యాంకు దగ్గర, బావిలోకి ఎంత మడ్ పోయిందో కొలిచే తొట్టి అది. బావిలోంచి పైపు లాగుతుంటే ఎంత ఇనుము బయటికొస్తే అంత జాగా లోపల ఖాళీ అవుద్ది, ఆ జాగాని మడ్‌తో, అంటే బావిలో పోసే చిక్కటి బరువైన ద్రవంతో, నింపుతా ఉండాలి, ఎందుకంటే కింద ఉన్న గ్యాసుని తొక్కిపెట్టి ఉంచేది ఆ మడ్ బరువే. ఐదు స్టాండ్లు లాగితే ఇంత మడ్ తాగాలి అని లెక్క ఉంటది. తాగాల్సిన దానికంటే తక్కువ తాగిందంటే మిగతా జాగాలోకి కింద నుంచి ఎవరో చుట్టం వచ్చాడన్నమాటే. దాన్నే కిక్ అంటాం. అప్పుడు పని ఆపి, పంపు కట్టేసి, మడ్ బయటికొచ్చే ఫ్లో లైను గొట్టం దగ్గర నుంచుని మడ్ దానంతటది కదులుతోందా అని చూడాలి. పది పదిహేను నిమిషాలు. ఎవడూ మాట్లాడడు. కదిలిందంటే బీవోపీ, అంటే బావి మూతి దగ్గరుండే పెద్ద వాల్వులు, మూసెయ్యడమే, ఎవర్నీ అడగక్కర్లేదు, డ్రిల్లరుకి ఆ అధికారం ఉంది. లెక్కలో చిన్న తేడా వచ్చినప్పుడు, ఆఁ రాసినోడు తప్పు రాసుంటాడులే అనుకున్నాడా, అయిపోయినట్టే.

ఆ కాగితం రాసేది ఎవరంటే రాత్రి రెండు గంటలకి నిద్ర కళ్ళతో ఉన్న కుర్రాడు. టెక్సాస్ షోలో ఆ కుర్రాడు నాకు ఒక్కసారీ కనపడలేదు.

మామిడికుదురు_మాస్టారు

నేను ఏ ఫ్యాక్టరీలోనూ చెయ్యలేదు, బడిపంతుల్ని. కానీ ఈ చర్చలో ఊరి వైపు నుంచి కూడా ఒక మాట ఉండాలి. 1995 జనవరి 8న మా మండలంలో పాశర్లపూడి 19వ నంబరు గ్యాస్ బావి పేలింది. సంక్రాంతి ముందు. ఆ ఏడు భోగి మంట వెయ్యబుద్ధి కాలేదు ఎవరికీ. మొత్తం 65 రోజులు మండింది, మార్చి 15కి గానీ ఆరలేదు, విదేశాల నుంచి నిప్పార్పే నిపుణులు రావాల్సి వచ్చింది. ఆ హోరుకి ఇంట్లో పక్కన కూచున్న మనిషితో గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది, రాత్రుళ్ళు పెరట్లో దీపం అక్కర్లేదు. అప్పటికి ఈటీవీ కూడా మొదలవలేదు, అది ఆగస్టులో వచ్చింది. ఇప్పుడైతే ఎన్ని కెమెరాలు వచ్చి వాలేవో. జనం కూడా బస్సులు కట్టించుకుని చూడ్డానికి వచ్చారు, వాళ్ళని అనడానికి లేదు, నేనూ వెళ్ళాను.

అంత మంటలోనూ నాకు తెలిసి ప్రాణనష్టం లేదు. ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇక నగరం అనే ఊరి సంగతి చూడండి, అదీ మా మండలమే. 2014 జూన్ 27 తెల్లవారుజామున భూమిలో పాతిన 18 అంగుళాల గ్యాస్ గొట్టం పగిలింది, ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది నిద్రలో. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పేపర్లు రాసాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటి తడి ఉన్న గ్యాసు పంపడం వల్ల లోపల నుంచి తుప్పు తినేసిందని విచారణలో తేలింది. ఏళ్ళ తరబడి జరిగిన తుప్పు అది. దాన్ని ఏ రోజు వచ్చి షూటింగ్ చేస్తారు? పైన కొబ్బరిచెట్లు, పక్కన పాక, ఆవు. ప్రమాదకరమైన చోటు అని ఎవరికి అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ షోలన్నిట్లో రిగ్గు చుట్టూ మనుషులే ఉండరు, ఎడారో సముద్రమో. మన దగ్గర రిగ్గు గేటు దిగితే బడి, గుడి, కొబ్బరితోట. అదే పెద్ద తేడా.

కువైట్_కొత్తపేట

మాస్టారూ నమస్కారమండి. నేను ఎడారిలోనే ఉన్నా, రిగ్గు మీదే. ఇక్కడ భయం హెచ్‌టూఎస్, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష గ్యాసు. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన, వంద పీపీఎం, అంటే గాలిలో పదిలక్షల పాళ్ళకి వంద పాళ్ళు, దాటితే ముక్కు పనిచెయ్యదు, వాసన పోయింది హమ్మయ్య అనుకుంటాం, అసలు ప్రమాదం అప్పుడే. మెడలో మోనిటర్ మోగితే గాలి గుడ్డ ఎటు ఎగురుతుందో చూసి దానికి అడ్డంగా నడవాలి, పరిగెత్తకూడదు, పక్కవాడు పడిపోతే మాస్క్ లేకుండా దగ్గరికి పోకూడదు. సినిమాలో హీరో సరిగ్గా దీనికి ఉల్టా చేస్తాడు. హీరోలాగా చేస్తే ఒక శవం బదులు రెండు.

ఇంకోటి ఎవరూ రాయలేదు. అమెరికాలో 2003 నుంచి 2013 దాకా చమురు గ్యాసు పనుల్లో చనిపోయినవాళ్ళ లెక్క తీస్తే పదిమందిలో నలుగురు రవాణా ప్రమాదాల్లోనే పోయారు, ఎక్కువ రోడ్డు మీదే. పన్నెండు గంటల డ్యూటీ చేసి నిద్రమొహంతో స్టీరింగ్ పట్టుకోవడం. మన కాలవగట్ల రోడ్లు గుర్తు తెచ్చుకోండి, పిట్టగోడ ఉండదు, ఎదర లారీ వస్తే పక్కకి జరగడానికి కాలవే. కాంట్రాక్టు కుర్రాళ్ళు నైటు దిగి బైకు మీద ఇళ్ళకి పోతారు, దారిలో ఏదన్నా అయితే అది పని ప్రమాదం లెక్కలోకి కూడా రాదు.

అయినా ఆ షోలు చూడొద్దు అనను. మా ఇంట్లో ఫోన్ చేసినప్పుడు ఎండగా ఉందా అని తప్ప ఇంకేం అడిగేవోళ్ళు కాదు, అది చూసాక గ్లోవ్స్ వేసుకుంటున్నావా అని అడుగుతున్నారు.

చెరువుగట్టు_భీమవరం

కువైట్ అన్నాయ్ ఒక్క డౌటు. ఆ టెక్సాస్ షోలో కుర్రాళ్ళకి జీతం ఎంతో గొప్పగా చెప్తాడు కదా, కాంట్రాక్టు లేబర్ ఉంటారా అందులో?

కువైట్_కొత్తపేట

ఉంటారు, పేరు పడదు. కెమెరా ముందు మాట్లాడేది పర్మనెంటోళ్ళు.

పుల్లేటికుర్రు_బుల్లోడు

ఇదంతా చదివాక అడుగుతున్నా, నవ్వకండి. ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపస్‌కి వచ్చింది, రిగ్గు మీద హెల్పర్‌గా తీసుకుంటారంట, పద్నాలుగు రోజులు పని పద్నాలుగు రోజులు సెలవు. చేరనా వద్దా? ఇంట్లో అమ్మ వద్దంటోంది, నాన్న సరే అంటున్నాడు.

రాజోలు_టాప్‌మన్

చేరరా అబ్బాయ్, మంచి పని, నేర్చుకుంటే ఎక్కడికెళ్ళినా అన్నం పెడతాది. కానీ సంతకం పెట్టే ముందు అడుగు. మొదటి వారం ట్రైనింగ్ ఇస్తారా, నేరుగా ఫ్లోర్ మీదకి ఎక్కిస్తారా. గాయమైతే ఆస్పత్రి బిల్లు ఎవరిది, కాంట్రాక్టరుదా పైకంపెనీదా, కాగితం మీద ఉందా లేదా. పని ఆపమనే హక్కు హెల్పరుకి కూడా ఉందని ఆళ్ళ నోటితో ఆళ్ళని చెప్పమను. నైటు షిఫ్టు దిగాక వ్యాను ఉందా. తర్వాత రెండు మూడేళ్ళకి డబ్బు దాచుకుని ఐడబ్ల్యూసీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ వెల్ కంట్రోల్ సర్టిఫికెట్, అంటే బావిని అదుపులో పెట్టడం నేర్చుకున్నట్టు కాగితం, చేసుకో, అది ఉంటే డ్రిల్లరు మెట్టు ఎక్కుతావు.

పుల్లేటికుర్రు_బుల్లోడు

ఇన్ని అడిగితే అసలు తీసుకుంటారా బాబాయ్?

రాజోలు_టాప్‌మన్

మిగతావి ఒకటి అటూఇటూ అయినా సర్దుకో. వ్యాను లేదంటే మాత్రం రిగ్గు దగ్గర ఊళ్ళోనే రూము చూసుకో, అద్దె నలుగురు పంచుకుంటే పెద్ద లెక్క కాదు. నైటు దిగి బండెక్కి రావద్దు. మీ అమ్మగారికి కూడా అదే చెప్పు, రిగ్గు గురించి కాదు, బండి గురించి.